ప్యానెల్ వెనక దుమ్ము

టూత్‌బ్రష్‌ను స్పిరిట్‌లో ముంచి ముల్లక్క ఒక్కో స్క్రూ తలలోని గాడిని తోముతోంది. గట్టిపడిన రంగు మెత్తబడగానే బొటనవేలి గోరుతో లేపి, పక్కన పరిచిన పాత పేపరు మీద దులుపుతోంది. పదకొండు స్క్రూలు అయ్యాయి. ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయి. పైన ఉన్నది పాత ఇనుము కొట్టువాడు పూసిన వెండిరంగు. అది పోయిన చోట లేత ఆకుపచ్చ కనిపిస్తోంది. అది ఫ్యాక్టరీలో కొట్టిన మొదటి రంగు. అది బయటపడ్డ ప్రతిసారీ ఆమెకు సంతోషం రావాలి. రావడం లేదు, ఒళ్ళు మండుతోంది.

"ఇంతకీ నువ్వెవరివే?" అంది ప్యానెల్‌తో. మూడు వారాలుగా రోజూ అదే ప్రశ్న.

ఆమె ముందున్నది ఒక పాత విమానం ముక్క. మంచం పొడవు ఉంటుంది. ముక్కు లేదు, రెక్కలు లేవు, తోక లేదు. మనిషి కూర్చునే చోటు మాత్రం మిగిలింది. ఒక సీటు, సీటు ముందు కాళ్ళ మధ్య నిలబడ్డ, విమానాన్ని తిప్పే కర్ర, ఎడమ గోడకు ఇంజన్ వేగం పెంచే మీట, ఎదురుగా తొమ్మిది గుండ్రటి కన్నాలున్న రేకు ప్యానెల్. తొమ్మిదింట్లో ఐదింటికి ముల్లు తిరిగే గేజులున్నాయి, నాలుగు బోసిగా ఉన్నాయి. ఏ విమానమో చెప్పే నంబరు రేకు ఉండాల్సిన చోట నాలుగు రివెట్ల మచ్చలు తప్ప ఏమీ లేవు. కొట్టువాడు దాన్ని రెండు వైపులా రంపంతో కోసి, గొట్టంతో నీళ్ళు కొట్టి కడిగి, వెండిరంగు పూసి, మ్యూజియానికి అంటగట్టాడు.

మ్యూజియం అంటే మూతపడ్డ విమానాశ్రయం పక్కన ఉన్న పాత షెడ్డే. అందులో ముల్లక్క పని ఏమిటంటే, వచ్చిన వస్తువును శుభ్రం చేసి, అది ఏ విమానానిదో తేల్చి, అట్టముక్క మీద రాసి ఇవ్వడం. ప్రతి వస్తువుకూ ఒక అట్ట ఉంటుంది. దాని మీద మూడే గీతలు. ఇది ఏమిటి. ఎలా తెలిసింది. గుర్తించినది ఎవరు. మూడో గీత మీద ఆమె ఇప్పటికి మూడొందల నలభై సంతకాలు చేసింది. ఒక్కటి కూడా కొట్టేయాల్సి రాలేదు.

ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. పదహారో ఏట విమానాల వర్క్‌షాపులో గేజుల విభాగంలో అద్దాలు తుడవడానికి చేరింది. గేజు విప్పడం, బిగించడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పెద్ద మెకానిక్ టీకి వెళ్ళగానే ఒకటి విప్పేది, ఆయన వచ్చేలోగా బిగించేసేది. ఒకరోజు ఆయన తొందరగా తిరిగొచ్చాడు. తిట్టడానికి నోరు తెరిచి, ఆమె చేతిలోని గేజు చూసి మూసుకున్నాడు. ముల్లు ఇసుమంత వణుకు లేకుండా సున్నా మీద నిలబడి ఉంది. ఆ రోజు నుంచి షాపులో అందరికీ ఆమె ముల్లక్కే. వర్క్‌షాపు మూసేసే దాకా ముప్పై ఆరేళ్ళు ఆ బల్ల దగ్గరే గడిపింది.

అలాంటి మనిషికి ఈ ముక్క ఏమిటో అంతుపట్టడం లేదు. గడువు చూస్తే ముంచుకొచ్చింది. శనివారం కొత్త హాలు తెరుస్తున్నారు. దీని పైన వేలాడదీయాల్సిన బోర్డు అప్పుడే రాయించేశారు: 'కందిరీగ. ఒంటి సీటు యుద్ధ విమానం.' కందిరీగ అన్నది ముద్దుపేరు. చిన్నదీ, రొద ఎక్కువదీ అని వర్క్‌షాపులో అందరూ అలా పిలిచేవాళ్ళు. కందిరీగ లోపలంతా నలుపు. అందుకని రేపు గురువారం పొద్దున తొమ్మిదింటికి పెయింటర్ వచ్చి ఈ రేకును తళతళలాడేదాకా గీకి, నలుపు కొడతాడు. తుపాకీ గురి అద్దం బిగించడానికి పైన రెండు కొత్త కన్నాలు కూడా తొలుస్తాడు. ఆ తర్వాత ఇది అసలు ఏమిటో ఎవరూ, ఎప్పటికీ చెప్పలేరు.

"ఏం అమ్మాయ్, ఇంకా తోముతూనే ఉన్నావా?"

కెప్టెన్ గారు చేతికర్రతో వచ్చారు, వెనకే మ్యూజియం ఆఫీసరు. కెప్టెన్ గారు రిటైరైన పైలట్. మ్యూజియానికి సలహాదారు. యాభై ఎనిమిదేళ్ళ ముల్లక్కను ఇప్పటికీ అమ్మాయ్ అనేది ఆయనొక్కరే.

"తోమకపోతే మొహం ఎలా కనపడుతుందండీ," అంది ముల్లక్క తల ఎత్తకుండా.

"మొహం చూడక్కర్లేదు. వాసన చూసి చెప్తాను. ఇది కందిరీగే. నూట ఇరవైసార్లు ఎగిరాను నేను దాంట్లో."

"ఎగిరేటప్పుడు మీరు బయటికి చూస్తారు కదండీ. లోపల చూస్తూ కూర్చుంటే కొండకు గుద్దుకునేవారు."

ఆఫీసరు నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. ముల్లక్క లేచి, వేగం చూపించే గేజు మీద వేలు పెట్టింది.

"ఇది చూడండి. దీని అంకెలు రెండొందల దగ్గర ఆగిపోయాయి. మీ కందిరీగ నాలుగొందలు దాటి పోయేది."

"గేజుదేముంది! ఎవడో మార్చుంటాడు."

ఆ మాట నిజమే, అందుకే మరింత మండింది. గేజు అద్దెకున్నవాడి లాంటిది. ఇవాళ ఈ ఇంట్లో ఉంటాడు, రేపు ఇంకో ఇంట్లో. ఇల్లెవరిదో తెలియాలంటే అద్దెకున్నవాణ్ణి అడగకూడదు, గోడలు చూడాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఈ సంగతి ఆమే చెప్పేది.

"సరే, గోడలే చూడండి. కర్ర మీద తుపాకీ మీట ఏది?"

"ఊడిపోయి ఉంటుంది."

"మరి ఈ పక్కన మ్యాపులు పెట్టుకునే సంచి కొక్కేలు ఎందుకున్నాయి? కందిరీగలో ఉండవు."

"ఎవడో పెట్టుంటాడు."

ముల్లక్క పళ్ళు నూరుకుంది. లోపలి ఆకుపచ్చ సంగతి ఎత్తితే కూడా మొన్న ఎవడో పూసుంటాడనే అన్నారు. లేనిదానికల్లా ఊడిపోయి ఉంటుంది, ఉన్నదానికల్లా ఎవడో పెట్టుంటాడు. ఈ రెండు మాటలు చేతిలో ఉంటే ఇంట్లో కుట్టుమిషన్ను కూడా కందిరీగ అని నిరూపించవచ్చు.

"మరి మీ ఉద్దేశంలో ఇదేంటి మేడమ్?" అన్నాడు ఆఫీసరు. మంచివాడే. కాకపోతే ఆహ్వాన పత్రాలు అచ్చయిపోయిన మనిషి.

"బాతు అనుకున్నాను."

బాతు అంటే రెండు సీట్ల శిక్షణ విమానం. నిదానం, బరువు, ఎవరినీ కింద పడేయదు. కొత్త పైలట్లు అందరూ దాని మీదే నేర్చుకున్నారు.

"అనుకున్నారా, లేక అవునా?"

అక్కడే వచ్చింది చిక్కు. బాతు పుస్తకం ఆమె దగ్గరే ఉంది. అందులో ప్యానెల్ బొమ్మ ఉంది. కుడి మూల ఇంజన్ స్టార్టు చేసే బొత్తాం, దాని కింద ఇంజన్లోకి పెట్రోలు చిమ్మే చేతిపంపు, ఎడమ గోడ మీద పెట్రోలు కట్టేసే తిప్పుడు మీట. ఈ ముక్కలో ఆ మూడూ లేవు. వస్తువైతే ఊడిపోవచ్చు. కన్నం ఊడిపోదు కదా! ఆ మూడు చోట్లా కన్నాలే లేవు. పూడ్చిన గుర్తు కూడా లేదు. రంగు కింద రేకు అద్దంలా నున్నగా ఉంది. కాబట్టి ఇది బాతూ కాదు. పుస్తకాల బీరువాలో ఉన్న మిగతా పద్నాలుగు విమానాలూ కాదు.

"తెలీదు," అంది.

"అదీ!" అన్నారు కెప్టెన్ గారు. కాలు ఎత్తి సీట్లోకి దిగి, కర్ర పట్టుకుని అటూ ఇటూ ఊపారు. "ఒంట్లో రక్తం చెప్తుంది అమ్మాయ్. ఇదే, ఇదే నా సీటు."

ఆఫీసరు గొంతు తగ్గించాడు. "రేపు తొమ్మిది దాకా చూడండి మేడమ్. ఈలోగా మీకు తెలియకపోతే, అట్ట మీద కెప్టెన్ గారు సంతకం పెట్టేస్తారు. నేనూ పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాలి."

వాళ్ళు వెళ్ళిపోయాక ముల్లక్క టూత్‌బ్రష్‌ను డబ్బాలో విసిరికొట్టింది. స్పిరిట్ చింది కంట్లో పడింది. దాన్ని కూడా నాలుగు తిట్లు తిట్టింది.

మధ్యాహ్నం ఆమె భర్త క్యారియర్ తెచ్చాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు వంట ఆయనది, ఉద్యోగం ఈమెది. షెడ్డు గుమ్మంలో రెండు స్టూళ్ళు వేసుకుని కూర్చున్నారు. ముల్లక్క ముద్ద చేతిలో పట్టుకుని ఆ ముక్క వంకే చూస్తోంది.

"మూడు వారాలుగా దాని మొహమే చూస్తున్నావు. పెళ్ళయ్యాక నన్నెప్పుడైనా అంతసేపు చూశావా?"

"మీకు నంబరు ప్లేటు ఉందండీ. దీనికి లేదు, అదీ బాధ."

"ఉప్పు సరిపోయిందా?"

"ఆ."

"ఉప్పు వేయలేదే ఇవాళ. పరీక్ష పెట్టాను."

ముల్లక్క ముద్ద గిన్నెలో పడేసింది. "చావగొట్టకండి బాబూ. రేపు పొద్దున దాన్ని గీకేస్తారు. నాకు తెలీదంటే ఆయన సంతకం పెడతాడట. జీవితంలో ఒక్క గేజు విప్పి ఎరగడు మహానుభావుడు!"

ఆయన నవ్వు ఆపి గిన్నె పక్కన పెట్టాడు. "ఇదివరకు ఎప్పుడూ వెల్లకిలా పడుకుని చేసేదానివి కదా. చీర కొంగుకు అంటిన నూనె మరకలు వదిలించలేక నా చేతులు అరిగిపోయాయి. ఇప్పుడేంటి, ఆయనలాగే సీటు ముందు కూర్చుని చూస్తున్నావు?"

"నడుం సహకరించట్లేదు కదండీ."

"నేను కాళ్ళు పట్టుకుని బయటికి లాగుతాలే. దూరు."

ఆమె ఒక క్షణం ఆయన వంక చూసి, చెయ్యి కడుక్కుంది.

పైలట్‌కు తెలిసేది ప్యానెల్ మొహం. మెకానిక్‌కు తెలిసేది వీపు. సీటు విప్పి పక్కన పెట్టి, గోనెపట్టా పరిచి, ముల్లక్క ఆ ముక్కలోకి వెల్లకిలా జరిగింది. నడుం కలుక్కుమంది. కాళ్ళు బయట, తల ప్యానెల్ కింద. చేతిలో టార్చి, నోట్లో స్క్రూడ్రైవరు. పైకి చూస్తే గేజుల వెనక భాగాలు, వాటికి తగిలించిన సన్నటి గొట్టాల తెగిన కొనలు, వాటి అవతల అడ్డంగా ఒక రేకు గోడ. కొట్టువాడి నీళ్ళగొట్టం ఇక్కడిదాకా రాలేదు. అన్నీ ఎప్పుడు వదిలేశారో అప్పటిలాగే ఉన్నాయి.

గేజులన్నీ ఒక్కొక్కటే వదులు చేసి, వాటి వెనక రేకు మీద ఏదైనా ముద్ర ఉందేమోనని చేత్తో తడుముతూ పోయింది. లేదు. గోడ మీద తడిమింది. లేదు. గంట గడిచింది. చెమట చెవుల్లోకి కారుతోంది. కనీసం ఒక అంకె కూడా కొట్టలేదు దరిద్రులు! గోడను గుప్పిటతో ఒక్క గుద్దు గుద్దింది. దుమ్ము మొహం మీద రాలింది.

"లాగండి," అంది విసుగ్గా.

ఆయన కాళ్ళు పట్టుకుని లాగాడు. లేచి కూర్చుని, నీళ్ళబకెట్ వైపు చేతులు చాపింది. చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"ఏమైంది? గీసుకుందా?"

"నా చేతులు చూడండి."

"దుమ్ము."

"దుమ్మే! ఉత్త దుమ్ము!" అని అరిచింది. "నూనె ఏదీ?"

ముప్పై ఆరేళ్ళలో ఆమె ప్యానెల్ వెనక పెట్టిన చెయ్యి ఒక్కసారి కూడా ఇలా బూడిదరంగులో తిరిగి రాలేదు. కందిరీగలోనైనా, బాతులోనైనా ప్యానెల్ అవతలి గోడ దాటితే ఇంజనే. ఇంజన్ నూనె ఆవిరి ఎన్ని సందులు మూసినా పాకుతుంది. స్క్రూల మీద, గొట్టాల మీద నల్లటి జిగురు పేరుకుంటుంది. దాన్ని కిరసనాయిలుతో కడిగి కడిగే ఆమె గోళ్ళు పాడయ్యాయి. ఇక్కడ జిడ్డు చుక్క లేదు. అంటే ఈ గోడ అవతల ఇంజన్ ఎప్పుడూ లేదు.

మరి ఏముండేది?

మళ్ళీ లోపలికి దూరింది. ఈసారి నడుం సంగతి గుర్తే లేదు. గోడకు పైన రెండు రేకులు కలిసే సందులో స్క్రూడ్రైవరు కొన పెట్టి గోకింది. అవతలి నుంచి సందులోకి తోసుకొచ్చి ఇరుక్కున్నదేదో ఊడి ఆమె గెడ్డం మీద పడింది. తీసి టార్చి వెలుగులో చూసింది. దూది, పసుపుపచ్చగా మాగి, అట్టకట్టిన దూది. దానికి ఒక పక్క పీచులా ఖాకీ గుడ్డ అంటుకుని ఉంది.

సీటు మెత్త. ఈ గోడకు అవతల ఇంకొకరు వీపు ఆనించి కూర్చునేవారు.

ఇది బాతే. బాతు వెనక సీటు!

ముందు కూర్చున్నవాడే ఇంజన్ స్టార్టు చేస్తాడు. పెట్రోలు చిమ్మే పంపు వాడి దగ్గరే ఉంటుంది. పెట్రోలు మీట వాడి దగ్గరే ఉంటుంది. వెనక కూర్చుని నేర్పేవాడికి అవేవీ అక్కర్లేదు. అందుకే కన్నాలు లేవు. ఊడిపోవడానికి అసలు పెట్టనే లేదు.

ముల్లక్క బయటికి పాక్కుంటూ వచ్చి బాతు పుస్తకం తెరిచింది. ముందు సీటు ప్యానెల్ బొమ్మ రెండు పేజీల నిండా ఉంది. పేజీ తిప్పితే వెనక సీటు గురించి ఒకటే వాక్యం: 'వెనక గది అమరిక కూడా దాదాపు ఇదే విధంగా ఉంటుంది.' ఆ వాక్యాన్ని ఆమె మొదటి రోజే చదివింది. చదివి నమ్మింది.

"దాదాపు అట! వీడి దాదాపు తగలెయ్య! మూడు వారాలు మింగింది ఈ ఒక్క మాట."

"మరి ముప్పై ఆరేళ్ళు అక్కడే చేశావు, వెనక ప్యానెల్ నువ్వెప్పుడూ చూడలేదా?" అన్నాడు భర్త.

చూడలేదు. అదే ఆమెకు మింగుడుపడని సంగతి. వర్క్‌షాపులో రెండు బల్లలు ఉండేవి. ముందు ప్యానెళ్ళు ముందు బల్లకు, వెనక ప్యానెళ్ళు వెనక బల్లకు. ముందు బల్లవాళ్ళు వెనక బల్లకేసి చూసేవాళ్ళు కాదు. వాళ్ళది సగం పని అన్నట్టు ఒక చిన్నచూపు. ఆ చూపు ముల్లక్కకూ ఉండేది, అందరికంటే కాస్త ఎక్కువే ఉండేది.

దూది పీచు, జిడ్డు లేని దుమ్ము చూపించి ఆఫీసరును ఒప్పించవచ్చా? కెప్టెన్ గారు ఏమంటారో ఆమెకు చెవిలో వినిపిస్తూనే ఉంది. ఎవడో పెట్టుంటాడు. కన్నాలకు కన్నాలే సాక్ష్యం చెప్పాలి. వెనక ప్యానెల్ కొలతలు తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కడే మిగిలాడు. వాడితో ముల్లక్క పదకొండేళ్ళుగా మాట్లాడలేదు.

వాణ్ణి అందరూ నత్త అనేవాళ్ళు. వెనక బల్లలో పెద్ద మెకానిక్. నిదానం. ఒకరోజు వాడు సరిచేసిన ఎత్తు గేజును పరీక్ష పెట్టి చూసి, ముల్లక్క దాని అద్దం మీద సుద్దతో 'మళ్ళీ చెయ్యి' అని రాసి, ఇన్‌స్పెక్టరు ముందే వాడి బల్ల మీద పెట్టింది. వారం తర్వాత తేలింది, తప్పు పరీక్ష యంత్రంలో గాలి కారడం అని. గేజు ముందునుంచీ సరిగ్గానే ఉంది. ఆమె ఆ మాట వాడికి చెప్పలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంది. ఈలోగా వర్క్‌షాపు మూసేశారు.

సాయంత్రం ఐదింటికి నత్త ఇంటి తలుపు తట్టింది. వాడే తీశాడు. జుట్టు మొత్తం నెరిసింది. చేతిలో విప్పిన గోడగడియారం ఉంది.

"ఎవరో పెద్దవాళ్ళు దారి తప్పొచ్చారే," అన్నాడు లోపలికి చూస్తూ, భార్యతో చెబుతున్నట్టు.

"వెటకారం తర్వాత ఆడుదువు గాని. లోపలికి రానిస్తావా?"

"ముందు బల్లవాళ్ళు. కూర్చోడానికి తగిన కుర్చీ ఉందో లేదో మా ఇంట్లో."

ముల్లక్క గుమ్మంలోనే నిలబడింది. మెట్లెక్కేటప్పుడు అనుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. "నీ గేజు సరిగ్గానే ఉంది రా. తప్పు మిషన్‌ది. నాకప్పుడే తెలిసింది, నోరు రాలేదు."

నత్త గడియారాన్ని అటూ ఇటూ తిప్పాడు. వాడి నిదానం మాటల్లోనూ ఉంది. "ఆ మాట చెప్పడానికి పదకొండేళ్ళా? ఇంకా నన్ను నత్త అంటారు జనం."

లోపలి నుంచి వాడి భార్య గట్టిగా నవ్వింది. "రండి వదినగారూ, గుమ్మంలో పంచాయితీ ఏమిటి? టీ పెడతాను."

వంటింటి పక్కనే కూర్చుని ముల్లక్క సంగతంతా చెప్పింది. ఆమె ముగించాక నత్త, "తొమ్మిది కన్నాలా?" అన్నాడు.

"తొమ్మిది."

"పైన నాలుగు, మధ్యలో మూడు, కింద రెండు. కింద రెండూ చిన్నవి. మధ్య వరసలో ఎడమది మిగతావాటికన్నా వేలి మందం కిందికి దిగి ఉంటుంది."

"దిగే ఉంది. తొలిచినవాడు తప్పు చేశాడనుకున్నాను."

"తప్పు కాదు. దాని వెనక ముందు సీటు తాలూకు అడ్డపట్టీ వస్తుంది. తగలకుండా దించారు."

"కాగితం మీద రాసివ్వగలవా, కొలతలతో?"

"కాగితం ఎందుకు? చెక్కే ఉందిగా."

వెనక బల్లవాళ్ళకు ఒక అలవాటు ఉండేదట. ప్యానెల్ విప్పితే గేజులు తారుమారు కాకుండా, అచ్చం ప్యానెల్‌లాగే కన్నాలు తొలిచిన ప్లైవుడ్ చెక్కలో ఏ కన్నంలోది ఆ కన్నంలో దించి ఉంచేవాళ్ళు. ముందు బల్లలో అందరూ ట్రేలో కుప్పపోసి చీటీలు అంటించేవాళ్ళు. షాపు మూసేసిన రోజు నత్త ఆ చెక్కను సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

"ఏదీ?"

నత్త వంటింటి గట్టు వైపు చూపించాడు. గట్టు మీద, కాళ్ళు బిగించిన చెక్కలో ఏడు పెద్ద గ్లాసులు, రెండు చిన్న గ్లాసులు బోర్లించి ఉన్నాయి. పైన నాలుగు, మధ్యలో మూడు, కింద రెండు. మధ్య వరసలో ఎడమ గ్లాసు వేలి మందం కిందికి దిగి ఉంది.

"అది ఇస్తే నా గ్లాసులు ఎక్కడ పెట్టుకోను?" అంది నత్త భార్య.

"రెండు రోజులు చేతిలో పట్టుకో," అన్నాడు నత్త, స్క్రూడ్రైవరు తీసుకుని చెక్క కాళ్ళు విప్పుతూ.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకే పెయింటర్ వచ్చేశాడు. ముల్లక్క, నత్త కలిసి వచ్చేసరికి గీకుడు కాగితం చెక్కకు చుట్టి సిద్ధంగా నిలబడి ఉన్నాడు.

"అక్కా, మొదలుపెట్టమంటారా? ఆఫీసరు గారు తొమ్మిది అన్నారు గానీ నాకు ఇంకో చోట కిటికీలున్నాయి."

"దాని మీద చెయ్యి వేస్తే నీకే కొడతాను నలుపు," అంది ముల్లక్క. పెయింటర్ కాగితం జేబులో పెట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు.

తొమ్మిదికి ఆఫీసరు, కెప్టెన్ గారు వచ్చారు. ముల్లక్క అప్పటికే గేజులన్నీ తీసి పేపరు మీద వరసగా పెట్టి ఉంచింది. నత్త చెక్కను ప్యానెల్‌కు ఆనించి పట్టుకున్నాడు. ఆమె వెనక నుంచి టార్చి వేసింది. తొమ్మిది కన్నాల్లోంచి తొమ్మిది నిండు వెలుగు బిళ్ళలు ఎదుటి గోడ మీద పడ్డాయి. ఒక్కదానికీ అంచు కోసుకుపోలేదు.

"ఏంటీ చెక్క?" అన్నారు కెప్టెన్ గారు.

"బాతు వెనక సీటు ప్యానెల్ అచ్చు. ఈయన ఇరవై ఏళ్ళు దీంతోనే పనిచేశాడు," అంది ముల్లక్క. "ఇవి ప్యానెల్ వెనక నుంచి తీసిన స్క్రూలు. ముట్టుకోండి. నూనె లేదు. ఇదిగో ముందు సీటు మెత్తలోంచి వచ్చిన దూది."

"దూది ఎవడో..."

"కన్నాలు కూడా ఎవడో పెట్టాడంటారా అండీ? తొమ్మిదీ?" అన్నాడు నత్త నిదానంగా.

కెప్టెన్ గారు చెక్కను, ప్యానెల్‌ను మార్చి మార్చి చూశారు. తర్వాత ఆయన మొహం చిరాగ్గా మారింది. "వెనక సీట్లో నేనెప్పుడూ కూర్చోలేదు. నేర్పించే ఉద్యోగం నాకివ్వలేదు వెధవలు," అని చేతికర్ర తీసుకుని బయటికి నడిచారు.

ఆఫీసరు సంతోషిస్తాడని ముల్లక్క అనుకోలేదు. కానీ ఇంత నీరుగారిపోతాడనీ అనుకోలేదు. "అంటే యుద్ధ విమానం కాదు. శిక్షణ విమానం. అందులోనూ వెనక సీటు," అన్నాడు. "బోర్డు మళ్ళీ రాయించాలి. ఆహ్వానంలో కందిరీగ అని వేశాం. చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఏం చెప్పను మేడమ్?"

"ఉన్నదే చెప్పండి. ఇక్కడ కూర్చున్నవాడు ఎదుటివాడి చేతుల్లో ప్రాణం పెట్టి, వాడికి పని నేర్పించాడని చెప్పండి. అంతకంటే ఏం కావాలి?"

ఆఫీసరు ఫోను తీసి బోర్డు రాసేవాడికి కలుపుకుంటూ, పెయింటర్‌తో, "గీకొద్దులే, వెళ్ళు," అన్నాడు. పెయింటర్ కిటికీల పనికి పరిగెత్తాడు.

ఆ రోజూ, మర్నాడూ ముల్లక్క, నత్త ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. మిగిలిన స్క్రూల గాడులు ఆమె తోమింది. వెండిరంగు అంతా స్పిరిట్‌తో ఒత్తకుండా తీసి, లేత ఆకుపచ్చను అలాగే ఉంచింది. అక్కడక్కడా రంగు లేచి రేకు కనిపించిన చోట్లు కూడా ముట్టుకోలేదు. ఐదు గేజుల్లో ఒకటి మరీ కొత్తదని నత్త అన్నాడు. కాదని ఆమె అంది. అద్దగంట వాదించుకుని, విప్పి చూస్తే వాడే నెగ్గాడు. దాన్ని తీసి పక్కన పెట్టి, ఆ కన్నం బోసిగా వదిలేశారు. చెక్క మీద చూసుకుంటూ నాలుగు గేజులూ వాటి వాటి చోట్ల దించి బిగించారు. సీటు వేశారు.

శుక్రవారం మధ్యాహ్నం ముల్లక్క అట్టముక్క తీసుకుని కలం పట్టింది. మొదటి గీత మీద 'బాతు, రెండు సీట్ల శిక్షణ విమానం, వెనక గది' అని రాసింది. రెండో గీత మీద 'వెనక బల్ల చెక్కతో కన్నాలు సరిపోయాయి. ప్యానెల్ వెనక ఇంజన్ నూనె లేదు, ముందు సీటు దూది ఉంది' అని రాసింది. చోటు చాలక అక్షరాలు కొసన కిక్కిరిశాయి. మూడో గీత మీద సంతకం చేసి, కలం నత్త చేతికిచ్చింది.

"ఇక్కడ ఒకరికే చోటుంది," అన్నాడు వాడు.

"చిన్నగా రాయి. నీకెలాగూ తొందర లేదుగా."

వాడు నిదానంగా, ఒక్కో అక్షరం దిద్దుతూ రాశాడు. నలుగురు కూలీలు ఆ ముక్కను చక్రాల బండి మీదికి ఎక్కించి కొత్త హాల్లోకి తోసుకెళ్ళారు. ముల్లక్క పక్కనే నడుస్తూ, గుమ్మం దాటేటప్పుడు అంచు తగలకుండా చెయ్యి అడ్డం పెట్టింది. లోపల ఆఫీసరు కొత్త బోర్డు కింద నిలబడి ఉన్నాడు. రంగు ఇంకా ఆరలేదు. మొహంలో చిరాకూ ఇంకా పోలేదు. అట్ట అందుకుని మూడు గీతలూ చదివి, రెండు సంతకాల దగ్గర ఒకసారి ఆగి, రిజిస్టరులో నంబరు వేసుకున్నాడు.

"అందింది మేడమ్," అన్నాడు.